పొమ్మన్నాక పోవాల్సిందే, కానీ ఎట్లా పోతున్నారు?

పోయిన సంచికలో కాబూల్ గురించి నాలుగు మాటలు రాశాను. 2021 ఆగస్టులో అమెరికా సైన్యం వెళ్ళిపోవడం సరైనదే, వెళ్ళిన తీరే బాగాలేదు అన్నాను. దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. పరాయి సైన్యం వచ్చి కూర్చున్న దేశంలో తిరుగుబాటు లేస్తే ఆ సైన్యం వెనక్కి పోవాలా, గొడవ సద్దుమణిగే దాకా ఉండాలా అని దాదాపు అందరూ అదే అడిగారు. కొందరు తిట్టారు కూడా, అవి పక్కన పెట్టాను. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: సార్, నేను ఎస్వీ యూనివర్సిటీలో ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ చదువుతూ గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను. మా క్లాసులో ఇదే టాపిక్ మీద డిబేట్ పెట్టారు. సైన్యం పోతే అంతర్యుద్ధం, ఉంటే తిరుగుబాటు, ఎటు చూసినా పాయింట్లు ఉన్నాయి. కోచింగ్‌లో అయితే బ్యాలెన్స్‌గా రాయండి, ఏ వైపూ తేల్చొద్దు అంటారు. మీరైనా తేల్చి చెప్పండి. పోవాలా, వద్దా?
– విద్యార్థిని, తిరుపతి

జవాబు: పోవాలమ్మా. పరీక్షలో బ్యాలెన్స్ చేసుకో, అక్కడ మార్కులు ముఖ్యం. నాకు ఆ టెన్షన్ లేదు.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1907 నాటి హేగ్ నిబంధనల్లో 42, 43 ఆర్టికల్స్ చదువు, చిన్నవే. ఒక ప్రాంతం శత్రు సైన్యం చేతిలోకి పోతే అక్కడ శాంతిభద్రతలు చూడాల్సింది ఆ సైన్యమే, అక్కడి చట్టాలను మాత్రం తప్పనిసరైతే తప్ప మార్చకూడదు అని ఉంటుంది. వచ్చినవాడు ఆ దేశానికి యజమాని అయిపోడు, కొన్నాళ్ళు చూసుకోవాల్సిన బాధ్యత మాత్రమే అతనిది. 2003లో ఇరాక్‌ను ఆక్రమించాక అమెరికా వాళ్ళు ఏం చేశారో చూడు. 2003 మే 22న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి తన 1483వ తీర్మానంలో అమెరికా, బ్రిటన్‌లను ఆక్రమణ శక్తులుగా గుర్తించి, చట్టప్రకారం బాధ్యతలన్నీ మీవే అని చెప్పింది. మర్నాడే, మే 23న, అమెరికా తరఫున బాగ్దాద్‌లో పాలన చూస్తున్న పాల్ బ్రెమర్ ఇరాక్ సైన్యాన్ని మొత్తంగా రద్దు చేస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. సుమారు నాలుగు లక్షల మంది ఒక్కసారిగా రోడ్డు మీద పడ్డారు. తుపాకీ పట్టడం తప్ప వేరే పని రానివాళ్ళు, మందుగుండు గోడౌన్లు ఎక్కడున్నాయో తెలిసినవాళ్ళు, ఇంట్లో పిల్లలు ఉన్నవాళ్ళు. జనం గోల చేశాక కొంత భత్యం ఇస్తామన్నారు కానీ అప్పటికే కోపం ముదిరింది. తిరుగుబాటు మొత్తం ఆ ఒక్క కాగితంతోనే పుట్టిందని అనను, దానికి మనుషులు దొరికింది మాత్రం ఎక్కువగా అక్కడే.

సైన్యం ఉంటే అంతర్యుద్ధం రాదు అని డిబేట్‌లో ఎవరో ఒకరు అంటారు, చూడు. వాళ్ళను 2006 సంగతి అడుగు. ఆ ఏడాది ఫిబ్రవరి 22న సమర్రాలో షియాల పవిత్ర స్థలం అల్ అస్కరీ మసీదు బంగారు గుమ్మటాన్ని పేల్చేశారు. ఆ తర్వాత బాగ్దాద్‌లో పేటలకు పేటలు షియా, సున్నీ అని విడిపోయాయి, పొద్దున లేస్తే రోడ్ల మీద శవాలు. ఇదంతా జరిగినప్పుడు లక్షకు పైగా అమెరికా సైనికులు ఆ దేశంలోనే ఉన్నారు. వాళ్ళు పోతే ఏదో వస్తుందని భయపడ్డారు కదా, అది వాళ్ళుండగానే వచ్చింది.

అట్లాగని సైన్యం పోగానే అంతా సర్దుకుంటుంది అనే వాళ్ళనూ నమ్మొద్దు. తిరుగుబాటుదారులు అని మనం ఒకే పేరుతో పిలుస్తాం కానీ లోపల రకరకాల వాళ్ళు ఉంటారు. రాత్రిపూట పరాయి సైనికుడు తలుపు తన్ని ఇంట్లోకి వచ్చినందుకు తుపాకీ పట్టినవాడు ఉంటాడు, సైన్యం పోతే ఇతను ఇంటికి పోతాడు. రేపు కుర్చీ ఎవరిదో తేల్చుకోవాలని ఉన్నవాడు ఉంటాడు, సైన్యం పోయిన మర్నాడే ఇతని అసలు పని మొదలవుతుంది. ఇంకొకడు నెలకింత ఇస్తారని చేరినవాడు, ఎవరు ఇస్తే వాళ్ళ వైపు. ఈ మూడో రకాన్ని మన పేపర్లలో ఎవరూ పట్టించుకోరు. 2007లో అమెరికా అదనపు దళాలను పంపాక ఇరాక్‌లో హింస తగ్గింది అని పుస్తకాల్లో ఉంటుంది, నిజమే, కానీ అదే సమయంలో పశ్చిమాన ఉన్న అన్బార్ రాష్ట్రంతో మొదలుపెట్టి సున్నీ తెగల మనుషులకు తలకు నెలకు సుమారు 300 డాలర్లు ఇచ్చి తమ వైపు తిప్పుకున్నారు, అట్లా చేరినవాళ్ళు లక్ష మంది దాకా అయ్యారు. నిన్నటిదాకా అమెరికా వాళ్ళ మీదకు తుపాకీ ఎత్తినవాళ్ళూ అందులో ఉన్నారు. తర్వాత ఆ జీతాల బాధ్యతను బాగ్దాద్ ప్రభుత్వానికి అప్పగించారు. షియా నాయకుడైన ప్రధాని మాలికీ వాళ్ళలో కొద్దిమందికే ఉద్యోగాలు ఇచ్చి మిగతావాళ్ళను గాలికి వదిలేశాడు.

కాబట్టి నీ డిబేట్‌లో పోవాలనే వైపు నిలబడు. పోయేటప్పుడు జీతాల రిజిస్టరు ఎవరి చేతిలో పెట్టి పోతున్నారు అనే ప్రశ్న కూడా వేయి, అవతలి టీమ్ దగ్గర దానికి జవాబు రెడీగా ఉండదు.

ప్రశ్న: ఫలానా తేదీకి వెళ్ళిపోతాం అని ముందే చెప్పేస్తే తిరుగుబాటుదారులు ఆ రోజు దాకా నక్కి కూర్చోరా? ఇంత చిన్న విషయం అంత పెద్ద దేశానికి తెలియదా?
– ప్రైవేటు ఉద్యోగి, రేణిగుంట

జవాబు: కూర్చుంటారు, కాదనను. కానీ తేదీ కోసం కాచుకునేది వాళ్ళొక్కరే కాదు. 2008 నవంబరులో అమెరికా, ఇరాక్ ఒప్పందం రాసుకున్నాయి, 2009 జూన్ 30కి ఊళ్ళలోంచి, 2011 డిసెంబరు 31కి దేశంలోంచి సైన్యం వెళ్ళిపోవాలని. డిసెంబరు 18న ఆఖరి బండ్లు కువైట్ సరిహద్దు దాటాయి. 19న ఇరాక్ ఉపాధ్యక్షుడు, సున్నీ నాయకుడు తారిఖ్ అల్ హాషిమీ మీద అరెస్టు వారెంటు వచ్చింది. ఒక్క రోజు కూడా ఆగలేదు చూడండి! అంటే క్యాలెండర్ చూసుకుంటూ కూర్చున్నది కొండల్లో ఉన్నవాళ్ళే కాదు, ప్రధానమంత్రి ఆఫీసు కూడా.

తేదీ చెప్పకపోతే ఇంకో ఇబ్బంది. పరాయి సైన్యం ఎప్పటికీ ఉంటుందనే ధీమా ఉంటే లోకల్ ప్రభుత్వం తన సైన్యాన్ని తయారు చేసుకోదు, ప్రత్యర్థులతో కూర్చుని మాట్లాడదు, కాంట్రాక్టుల్లో డబ్బు తింటూ కూర్చుంటుంది. 2014 జూన్‌లో మోసుల్ నగరం ఐసిస్ చేతిలో పడింది, కాపలా ఉండాల్సిన ఇరాక్ సైనికులు యూనిఫాంలు విప్పేసి పారిపోయారు. అదే ఏడాది చివర్లో కొత్త ప్రధాని హైదర్ అల్ అబాదీ లెక్క తీయిస్తే సైన్యంలో 50 వేల మంది కాగితాల మీద మాత్రమే ఉన్నట్టు తేలింది. మనిషి లేడు, జీతం మాత్రం నెలనెలా ఎవరి జేబులోకో పోతోంది. అమెరికా వాళ్ళు ఇంకో ఐదేళ్ళు ఉంటే ఆ 50 వేల మందికి ప్రాణం వచ్చేదా?

ప్రశ్న: సార్, నేను రిటైర్డ్ జవానుని. 1987లో శ్రీలంకకు పోయిన మన శాంతి సేనలో పని చేశాను. జాఫ్నాలో దిగినప్పుడు దండలేసినారు, బోండాలు కొట్టి ఇచ్చినారు. దసరా పోయి దీపావళి రాకముందే అదే వీధుల్లో మా మీద కాల్పులు. తిరిగొచ్చినప్పుడు మద్రాసులో ముఖ్యమంత్రి కూడా ఎదురు రాలేదు. మీరు పరాయి సైన్యం, పరాయి సైన్యం అని రాస్తా ఉంటే మనసుకు కష్టంగా ఉండాది. మేం పరాయి సైన్యమా? మేం ఉండాల్సిందా, ముందే వచ్చేయాల్సిందా?
– మాజీ సైనికుడు, పలమనేరు

జవాబు: అన్నా, చట్టం లెక్కన మీది ఆక్రమణ కాదు. 1987 జులై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో ఒప్పందం మీద సంతకాలు చేశారు, ఆ దేశ ప్రభుత్వం పిలిస్తేనే మీరు పోయారు. అందులో అనుమానం లేదు. కానీ అక్టోబరు 10న జాఫ్నాలో ఎల్టీటీఈ మీద ఆపరేషన్ మొదలయ్యాక, ఊరి మధ్యలో యుద్ధం జరిగి సామాన్యులు చనిపోయాక, జాఫ్నాలో ఇంట్లో కూర్చున్న తమిళుడికి ఒప్పందంలో ఏం రాసుందో అనవసరం. అతని కళ్ళకు వీధి చివర తుపాకీ పట్టుకుని నిలబడ్డ మనిషి పరాయివాడే. మీరు చెడ్డవాళ్ళని కాదు, ఇరవై ఏళ్ళ కుర్రాడిని తెలియని ఊళ్ళో నిలబెట్టి, నిన్న దండేసినవాడే ఇవాళ బాంబు పెట్టాడని చెప్తే ఆ కుర్రాడు ఎవరిని నమ్మాలి? ఈ తప్పు పంపినవాళ్ళది.

దక్షిణాన సింహళ ప్రాంతంలో ఏమైందో కూడా చూడండి. భారత సైన్యం మన గడ్డ మీద దిగింది అని చెప్పి జేవీపీ అనే పార్టీ అక్కడ వేరే తిరుగుబాటు లేపింది. మీరు దక్షిణాన అడుగు కూడా పెట్టలేదు, అయినా మీ పేరుతో అక్కడ వేల మంది చచ్చారు. ఒక సైన్యం ఉనికి ఎంత దూరం అంటుకుంటుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. చివరికి 1989 జూన్ 1న కొత్త అధ్యక్షుడు ప్రేమదాస జులై 29 లోపల మీ సైన్యం వెళ్ళిపోవాలని బహిరంగంగా చెప్పాడు. అంతటితో ఆగలేదు, మీ మీద వాడమని ఎల్టీటీఈకి చాటుగా ఆయుధాలు కూడా ఇప్పించాడు. మీరు ఎవరి తరఫున పోరాడుతున్నారో ఆ ప్రభుత్వం, మీరు ఎవరితో పోరాడుతున్నారో ఆ సంస్థ, ఇద్దరూ ఒకటై మిమ్మల్ని పొమ్మంటుంటే ఇంక అక్కడ ఏం పని? పిలిచినవాడు పొమ్మన్న రోజే మీరు అక్కడ ఉండడానికి ఆధారం పోయింది. ఢిల్లీలో ప్రభుత్వం మారి వి.పి. సింగ్ వచ్చాక, 1990 మార్చి 24న ట్రింకోమలీ నుంచి ఆఖరి దళం బయలుదేరింది. కాబట్టి రావడం సరైనదే, ఇంకా ముందే రావాల్సింది. సుమారు 1,200 మంది మనవాళ్ళ ప్రాణాలు అక్కడ పోయాయి. 1987 నవంబరులో ప్రాణాలిచ్చిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్‌కు పరమవీర చక్ర ఇచ్చారు, ఇవాళ డిగ్రీ పిల్లల్ని అడిగితే ఆ పేరు ఎంతమందికి తెలుసు?

అసలు తప్పు తిరిగి వచ్చేటప్పుడు జరిగింది. లంకలో తమిళులుండే ఉత్తర, తూర్పు ప్రాంతానికి వరదరాజ పెరుమాళ్ ముఖ్యమంత్రిగా ఒక ప్రభుత్వం ఏర్పడింది కదా, దాన్ని కాపాడడానికి తమిళ కుర్రాళ్ళతో హడావిడిగా ఒక సైన్యం తయారు చేయించారు, చాలామందిని ఇళ్ళలోంచి బలవంతంగా లాక్కొచ్చారు. మన ఓడలు కదిలేసరికి ఆ కుర్రాళ్ళు ఎల్టీటీఈ ముందు నిలవలేకపోయారు. 1990 జూన్‌లో పెరుమాళ్ పార్టీ ఈపీఆర్ఎల్ఎఫ్ నాయకుడు పద్మనాభను మద్రాసు కోడంబాక్కంలోనే, తోటివాళ్ళతో సహా, కాల్చి చంపారు. అదే నెలలో లంకలో యుద్ధం మళ్ళీ మొదలైంది. ఇంకో ఏడాదికి, 1991 మే 21న, శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని ఎల్టీటీఈ చంపింది. మన చిత్తూరు నుంచి రాణిపేట మీదుగా చెన్నై పోయేవాళ్ళు ఆ ఊరు దాటే పోతారు, బస్సు కిటికీలోంచి రాజీవ్ స్మారకం వైపు చూస్తారు, దానికీ జాఫ్నాకూ ఉన్న లింకు మాత్రం చాలామంది మర్చిపోయారు. శ్రీకాళహస్తి వైపు వాళ్ళు తడ దాటి చెన్నై పోతుంటే గుమ్మిడిపూండి వస్తుంది, అక్కడ లంక నుంచి వచ్చిన తమిళుల శిబిరం ఉంది.

ఉండిపోయి ఉంటే ఇవన్నీ ఆగేవా అంటే, రెండున్నరేళ్ళు అంత సైన్యం పెట్టీ ఎల్టీటీఈ నాయకుడు ప్రభాకరన్‌ను పట్టుకోలేకపోయాం. ఆ యుద్ధం 2009 మే దాకా నడిచింది. ఒక సంగతి చెప్పాలి, మిమ్మల్ని పొమ్మన్న ఆ లంకలోనే, కొలంబో పక్కన కోట్టేలో, శాంతి సేన జవాన్ల పేరుతో స్మారకం కట్టారు. మద్రాసులో ఎదురు రాని రాజకీయం సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు, మీకే బాగా తెలుసు.

ప్రశ్న: అమెరికా వెళ్ళడం సరైనదే అని మీరు ఎంత సులభంగా రాసేశారు! ఆఫ్ఘనిస్తాన్‌లో ఆరో తరగతి దాటిన అమ్మాయికి బడి లేదు. తిరుపతిలో పద్మావతి మహిళా యూనివర్సిటీ గేటు దగ్గర సాయంత్రం బస్సుల కోసం నిలబడ్డ పిల్లల్ని చూస్తే నాకు కాబూల్ పిల్లలే గుర్తొస్తారు. సైన్యం ఉండుంటే ఆ బడులు ఉండేవి కదా? ఆడపిల్ల చదువు కంటే మీ సిద్ధాంతం గొప్పదా?
– టీచర్, చిత్తూరు

జవాబు: కాదు మేడం. వచ్చిన ఉత్తరాల్లో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది మీదే. 2022 మార్చి 23న హైస్కూళ్ళు తెరుస్తున్నాం అని చెప్పి, పిల్లలు యూనిఫాం వేసుకుని క్లాసుకు వచ్చాక, అదే రోజు ఇంటికి పంపేశారు. డిసెంబరులో యూనివర్సిటీలూ మూసేశారు. దీన్ని చిన్నది చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. సైన్యం వెళ్ళడానికి కట్టిన ధర ఇది, కట్టింది ఆ పిల్లలు.

అయినా సైన్యం పోవాల్సిందే అంటున్నాను. వాళ్ళు 2001 అక్టోబరు 7న వచ్చింది బడుల కోసం కాదు, సెప్టెంబరు 11 దాడుల కోసం, బడులు తర్వాత వచ్చాయి. అవి కూడా కాబూల్, హెరాత్ లాంటి ఊళ్ళలో బాగా నడిచాయి, హెల్మండ్ లాంటి చోట్ల యుద్ధం వల్లే మూతపడినవి ఎన్నో. ఇరవై ఏళ్ళు తుపాకీ నీడలో నడిచిన బడి ఇరవై ఒకటో ఏడు కూడా తుపాకీ ఉంటేనే నడుస్తుంది అంటే, ఎక్కడో లెక్క తప్పింది.

నాకు కోపం ఉన్నది దోహా ఒప్పందం మీద. 2020 ఫిబ్రవరి 29న అమెరికా తాలిబాన్‌తో నేరుగా సంతకం పెట్టింది. కాబూల్ ప్రభుత్వం ఆ బల్ల దగ్గర లేనే లేదు, అయినా ఆ ప్రభుత్వ జైళ్ళలో ఉన్న 5,000 మంది తాలిబాన్ ఖైదీలను వదిలేయాలని అందులో రాశారు. అమ్మాయిల చదువు గురించి ఒక్క ముక్క లేదు. ఎవరి తలరాత రాస్తున్నారో వాళ్ళు గదిలో లేకుండా రాసిన కాగితం అది.

ఇంకొకటి, కాబూల్ సైన్యం పిరికిది కాబట్టి పదకొండు రోజుల్లో పడిపోయింది అనే మాట మన టీవీల్లో చాలా తిప్పారు. ఆ ఇరవై ఏళ్ళలో చనిపోయిన ఆఫ్ఘన్ సైనికులు, పోలీసులు 60 వేలకు పైనే, పిరికివాళ్ళు అంతమంది చావరు. ఆ సైన్యాన్ని కట్టిన పద్ధతి వేరు. హెలికాప్టర్లు, విమానాలు అమెరికావి, వాటిని బాగు చేసేవాళ్ళు అమెరికా కాంట్రాక్టర్లు. 2021లో సైనికులతో పాటు ఆ కాంట్రాక్టర్లు కూడా వెళ్ళిపోయారు. లారీ ఉంది, డ్రైవర్ ఉన్నాడు, మెకానిక్కూ లేడు స్పేరు పార్టులూ రావు, ఆ లారీ ఘాట్ రోడ్డులో ఎంత దూరం పోతుంది? మారుమూల పోస్టులకు తిండి, గుళ్ళు పైనుంచే చేరేవి, అవి ఆగాయి. నెలల తరబడి జీతం అందనివాళ్ళు ఉన్నారు. ఆగస్టు 15న అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ దేశం విడిచి పోయాడు, ఇంక కింద ఉన్న సిపాయి ఎవరి కోసం నిలబడతాడు?

ఇదే దేశంలో ఇంకో సైన్యం వెళ్ళిపోయిన కథ ఉంది కదా, దాన్ని పక్కన పెట్టి చూడండి. 1989 ఫిబ్రవరి 15న సోవియట్ జనరల్ గ్రోమోవ్ సరిహద్దులోని అము దర్యా నది మీద వంతెన దాటి వెళ్ళాడు. సోవియట్లు నిలబెట్టిన నజీబుల్లా ప్రభుత్వం కొన్ని వారాల్లో పడిపోతుందని అందరూ అన్నారు. మార్చిలో ఆ ప్రభుత్వం మీద పోరాడుతున్న ముజాహిదీన్లు జలాలాబాద్ మీద పెద్ద దాడి చేస్తే ఆ సైన్యమే సోవియట్లు లేకుండా నిలబడి తిప్పికొట్టింది. మూడేళ్ళు నడిచింది ఆ ప్రభుత్వం, ఎందుకంటే మాస్కో నుంచి డీజిల్, గోధుమలు, ఆయుధాలు, డబ్బు వస్తూనే ఉన్నాయి. 1992 జనవరి 1 నుంచి అవి బంద్. ఏప్రిల్‌లో కాబూల్ పడిపోయింది. నజీబుల్లాను నేను మెచ్చుకోవడం లేదు, పదవికి ముందు అతను నడిపిన రహస్య పోలీసు సంస్థ ఖాద్ ఎన్ని ఇళ్ళు కూల్చిందో ఆఫ్ఘన్లు మర్చిపోరు. కానీ సైన్యం పోయినందుకు కాదు, వెనక నుంచి వచ్చే సరుకు ఆగినందుకు ప్రభుత్వం పడిపోయింది అన్నది మాత్రం కళ్ళకు కనిపిస్తోంది. దక్షిణ వియత్నాంలోనూ అమెరికా సైన్యం 1973 మార్చిలో పోయింది, సైగాన్ పడింది 1975 ఏప్రిల్ 30న, మధ్యలో 1974లో వాషింగ్టన్ సాయం తెగ్గోసింది.

టీచర్ కాబట్టి మీకు ఇది కూడా చెప్తాను. 2021 ఆగస్టు తర్వాత అమెరికాలో ఉన్న ఆఫ్ఘన్ రిజర్వ్ నిధులు సుమారు 700 కోట్ల డాలర్లను స్తంభింపజేశారు, బయటి సాయమూ ఆగింది. అక్కడి టీచర్లకు నెలల తరబడి జీతాల్లేవు. తాలిబాన్ బడి మూయకముందే టీచరు ఇంట్లో పొయ్యి ఆరిపోయింది. సైన్యం పోవాలి అన్నవాళ్ళం ఆ జీతాలు ఆగకూడదని కూడా అంతే గట్టిగా అడగాలి, నేనైతే అడుగుతున్నాను.

ప్రశ్న: మా నాయన 1990లో కువైట్‌లో డ్రైవర్. సద్దాం సైన్యం వచ్చినప్పుడు అన్నీ వదిలేసి ఇంటికొచ్చాడు. ఆ సైన్యాన్ని తరిమింది కూడా పరాయి సైన్యమే కదా? వాళ్ళు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. నేనిప్పుడు అక్కడే పని చేస్తున్నా, ఎవరూ వాళ్ళ మీద బాంబులేయడం లేదే?
– సెలవు మీద ఊరికొచ్చిన పాఠకుడు, పీలేరు

జవాబు: మంచి మాట పట్టుకున్నావు తమ్ముడూ. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది, 1991 ఫిబ్రవరి ఆఖరుకు బయటికి నెట్టబడింది. ఆ మధ్యలో మనవాళ్ళు లక్షకు పైగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరుకుని ఎయిరిండియా విమానాల్లో ఇల్లు చేరారు, మీ నాయన కూడా ఆ దారినే వచ్చుంటాడు, అడిగి రాసి పంపు, వేస్తాను. అక్కడ సద్దాం సైన్యాన్ని ఎవరూ పిలవలేదు. ఇప్పుడున్న అమెరికా వాళ్ళను అక్కడి ప్రభుత్వమే ఒప్పందం మీద ఉంచుకుంది, వాళ్ళు ఊళ్ళో పోలీసు పని చేయరు, జనం ఇళ్ళు సోదా చేయరు. రేపు కువైట్ ప్రభుత్వం ఇక చాలు అంటే పోవాలి. అన్నప్పుడు నిజంగా పోతారా అనేది వేరే ప్రశ్న. పక్కన ఇరాక్‌లో 2020 జనవరి 5న పార్లమెంటు పరాయి సైన్యాలు పోవాలని తీర్మానం చేసింది, ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి అమెరికా సైనికులు అక్కడ ఉన్నారు.

ప్రశ్న: మన దేశానికి ఈ పరిస్థితి వస్తే మనం ఏం చేశాం? చెప్పడం సులభమే కదా.
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, శ్రీకాళహస్తి

జవాబు: లంక సంగతి పైన చెప్పాను, అది మన ఖాతాలో మచ్చే. కానీ 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయాక మన సైన్యం అక్కడ పాతుకుపోలేదు. 1972 ఫిబ్రవరిలో ముజిబుర్ రెహమాన్ కలకత్తా వచ్చి ఎప్పుడు పంపిస్తారని ఇందిరా గాంధీని అడిగాడు, మార్చి నెలలో పంపించేశారు. విడిపించినవాళ్ళు కూడా మూడు నెలలు దాటి ఉంటే బరువే అవుతారని ఆయనకు తెలుసు. 2003లో ఇరాక్‌కు ఒక డివిజన్ సైన్యం పంపమని అమెరికా అడిగితే, జులై 14న వాజ్‌పేయి ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి ఆదేశం లేనిదే పంపం అని చెప్పేసింది. అప్పట్లో దీన్ని మంచి అవకాశం వదులుకోవడం అని రాసిన పెద్దలు ఉన్నారు. 2004లో ఇరాక్‌లోని ఫలూజాలో అమెరికా సైన్యానికీ తిరుగుబాటుదారులకూ జరిగిన భీకర యుద్ధం చూశాక వాళ్ళ గొంతు వినబడలేదు.

ప్రశ్న: నేను తిరుమలకు టాక్సీ తోలతాను సార్. హిందీ, తమిళం, కన్నడం వచ్చు కాబట్టి యాత్రికులకు మాట సాయం కూడా చేస్తుంటా. కాబూల్ ఎయిర్‌పోర్టు వీడియోల్లో సైన్యానికి మాటలు చెప్పిన దుబాసీలు కాగితాలు పట్టుకుని ఏడవడం చూశాను. సైన్యం పోతే వాళ్ళ గతేంది?
– టాక్సీ డ్రైవర్, తిరుపతి

జవాబు: అందరూ దేశాల గురించి అడిగారు, నువ్వొక్కడివే మనుషుల గురించి అడిగావు. దుబాసీ, వంటవాడు, డ్రైవర్, ఇన్ఫార్మర్, వీళ్ళే సైన్యం పోయిన మర్నాడు ఊళ్ళో ఒంటరిగా మిగిలేది. 2021 ఆగస్టులో కాబూల్ నుంచి 1,20,000 మందికి పైగా విమానాల్లో బయటపడ్డారు, అయినా వీసా కాగితాలు కదలక వేల మంది గేటు బయటే ఉండిపోయారు. 26న ఆ గేటు దగ్గరే బాంబు పేలి 13 మంది అమెరికా సైనికులు, సుమారు 170 మంది ఆఫ్ఘన్లు చనిపోయారు. వెళ్ళే తేదీ ఏడాది ముందు నుంచే తెలుసు, వీసా ఆఫీసులో గుమాస్తాలను పెంచడానికి ఏడాది చాలదా చెప్పు?

ఇది కొత్త కాదు. అల్జీరియాలో 1954 నుంచి ఎనిమిదేళ్ళు ఫ్రాన్స్ మీద పోరాటం జరిగింది. 1962 మార్చిలో ఎవియాన్ ఒప్పందం రాసుకుని ఫ్రాన్స్ వెళ్ళిపోయింది, వెళ్ళాల్సిందే. కానీ ఫ్రెంచి సైన్యం తరఫున పని చేసిన అల్జీరియన్లను, హర్కీలు అంటారు వాళ్ళను, ఆయుధాలు లాక్కుని అక్కడే వదిలేసింది. ఓడ ఎక్కించొద్దని ఆఫీసర్లకు ఆర్డర్లు కూడా వెళ్ళాయి. కొందరు ఆఫీసర్లు ఆర్డర్లు కాదని తమ మనుషుల్ని తెచ్చుకున్నారు. మిగిలినవాళ్ళలో వేలాది మందిని చంపేశారు. ప్రాణాలతో ఫ్రాన్స్ చేరినవాళ్ళను ముళ్ళకంచెల క్యాంపుల్లో ఏళ్ళ తరబడి పెట్టారు. ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ వాళ్ళను క్షమాపణ అడిగింది 2021 సెప్టెంబరు 20న, అంటే కాబూల్ నుంచి ఆఖరి విమానం లేచిన మూడు వారాలకు. నష్టపరిహారం చట్టం 2022 ఫిబ్రవరిలో వచ్చింది. అరవై ఏళ్ళు పట్టింది అన్నమాట, అప్పటికి ఆ హర్కీల్లో బతికున్నవాళ్ళు ముసలివాళ్ళు, మిగతా ఇళ్ళలో డబ్బు తీసుకోవడానికి పిల్లలే ఉన్నారు.